ముందరి చర్మం ఆపరేషన్: ఉద్దానం వాళ్ళు చేయవలసినవి, చేయకూడనివి

మన ప్రాంతంలో ముందరి చర్మం తీసే ఆపరేషన్‌కి మూడు రకాల వాళ్ళు వస్తారు. కాశీబుగ్గ, టెక్కలి, ఇచ్ఛాపురం ముస్లిం కుటుంబాలు మగపిల్లలకి సున్తీ చేయించడానికి తీసుకొస్తాయి. ఒడుగులు అన్నా ఇదే. సుగరు ముదిరి, చర్మం పగిలి, వెనక్కి రాక బాధపడే నడివయసు మగవాళ్ళు సిగ్గుతో నెలల తరబడి దాచుకుని, చివరికి మూత్రం పోయడమే కష్టమయ్యాక వస్తారు. మూడోవాళ్ళు కుర్రాళ్ళు. ఆర్మీ వైద్య పరీక్షలో చర్మం బిగువుగా ఉందని తాత్కాలికంగా ఆపేస్తే, మళ్ళీ పరీక్షకి వెళ్ళేలోగా అయిపోవాలని తొందరపడతారు.

ముగ్గురికీ చెప్పే మాట ఒకటే: చిన్న ఆపరేషన్, అరగంటలో అయిపోతుంది. అది నిజమే. కాని ఉద్దానంలో ఆ అరగంట కన్నా దానికి ముందు చేయించని రక్త పరీక్ష, దాని తర్వాత తెలియక మింగే నొప్పి మాత్ర ఎక్కువ కీడు చేస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో సుగరు, బీపీ ఎరగని రైతుకూలీలకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. ఒంటికి వాపు రాదు, మూత్రంలో మార్పు కంటికి కనపడదు, జబ్బు చాలా దూరం వెళ్ళేదాకా మనిషి పనిలోకి పోతూనే ఉంటాడు. ఇలాంటి నేల మీద ఏ చిన్న ఆపరేషన్‌కైనా నియమాలు కొంచెం వేరుగా ఉండాలి.

కత్తి పట్టకముందు

పెద్దవాళ్ళైతే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూడకుండా ఆపరేషన్ బల్ల ఎక్కకండి. ఇరవై ఏళ్ళ కుర్రాడైనా సరే, ఉద్దానంలో పుట్టి పెరిగినవాడైతే ఈ పరీక్ష అడిగి చేయించుకోవాలి. మగవాళ్ళకి మామూలుగా 0.7 నుంచి 1.3 మధ్య ఉంటుంది. చీటీలో అంకె ఒక్కటే చూసి ఊరుకోకుండా, వయసుతో లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) ఎంతో కూడా డాక్టరుని అడగండి. అది 60 కన్నా తక్కువగా మూడు నెలలు ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టే. దానితోపాటు మూత్ర పరీక్ష, బీపీ, సుగరు, హిమోగ్లోబిన్, రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించండి. ఇవన్నీ టెక్కలి జిల్లా ఆసుపత్రిలో, పలాసలో అయ్యే పరీక్షలే.

సుగరు ఉన్నవాళ్ళకి ఒక ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు ఇప్పుడు సుగరుకే కాదు, కిడ్నీని కాపాడడానికి కూడా ఇస్తున్నారు. మంచి మందులే. అవి ఒంట్లోని చక్కెరని మూత్రంలోకి పంపిస్తాయి, ఆ తీపికి ముందరి చర్మం కింద బూజు జాతి ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. దురద, తెల్లటి పొర, చిన్న చిన్న పగుళ్ళు, ఆ పగుళ్ళు మానుతూ చర్మం బిగుసుకుపోవడం ఇలాగే మొదలవుతుంది. కాబట్టి చర్మం బిగిసిందని సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్ళండి. ఒక్కోసారి మందు మార్చి, బూజుకి పూత మందు రాస్తే ఆపరేషన్ అక్కరే ఉండదు. ఆపరేషన్ తప్పనిసరైతే ఈ రెండు మాత్రల్నీ కనీసం మూడు రోజుల ముందు ఆపాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లోనే చెప్పింది. ఆపకుండా ఉపవాసం ఉంటే సుగరు అంకె బాగానే కనిపిస్తూ ఒంట్లో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం మాత్రం మీ అంతట మీరు చేయకండి.

గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతున్నవాళ్ళూ అంతే. చెప్పకుండా దాచకూడదు, చెప్పకుండా మానేయకూడదు.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ సంగతి

పలాస, సోంపేట, కవిటి, టెక్కలి, హరిపురం కేంద్రాల్లో డయాలసిస్ చేయించుకుంటున్న మగవాళ్ళలో ఈ ఆపరేషన్ అవసరమయ్యేవాళ్ళు ఉంటారు. సర్జన్‌తో మాట్లాడే ముందే కిడ్నీ డాక్టరుతో మాట్లాడండి. డయాలసిస్ మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది ఒంట్లో ఉండగా కత్తి పెడితే నెత్తురు ఆగదు. డయాలసిస్ అయిన మరునాడు ఆపరేషన్ పెట్టుకోవడం, ఆపరేషన్ తర్వాతి డయాలసిస్‌లో హెపారిన్ తగ్గించమనో లేకుండా చేయమనో అడగడం మంచిది. కిడ్నీలు పనిచేయని ఒంట్లో నెత్తురు ఆపే ప్లేట్‌లెట్ కణాలు కూడా సరిగా అతుక్కోవు, అందుకే గాయం ఇతరులకన్నా ఎక్కువసేపు కారుతుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, సూది గుచ్చనివ్వకండి. ఆపరేషన్ గదిలో ఉన్నవాళ్ళకి ఈ సంగతి తెలియకపోవచ్చు, మీరే గట్టిగా చెప్పాలి. మూడు నెలల సుగరు పరీక్ష అంకె కూడా డయాలసిస్ మనుషుల్లో తక్కువగా చూపించి మోసం చేస్తుంది, దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి.

మూత్రానికి గొట్టం (కెథటర్) పెట్టించుకున్నవాళ్ళ ఇంటివాళ్ళు ఈ ఒక్క సంగతి మరవకూడదు. గొట్టం పెట్టడానికో శుభ్రం చేయడానికో చర్మం వెనక్కి లాగితే, పని అయ్యాక దాన్ని తిరిగి ముందుకి తేవాలి. అలాగే వదిలేస్తే గంటల్లో ఉంగరంలా బిగుసుకుని అంగం కొన వాచిపోతుంది. నెమ్మదిగా గుప్పిట్లో పట్టి కొన్ని నిమిషాలు నొక్కి వాపు తగ్గించి ముందుకి తేవడానికి ప్రయత్నించండి. రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. కొనకి రక్తం అందక నల్లబడితే కాపాడడం కష్టం.

ఎవరికి అక్కరలేదు, ఎవరికి కూడదు

చిన్నపిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా భయపడేది చర్మం వెనక్కి రావడం లేదని. పుట్టినప్పుడు దాదాపు ఏ బాబుకీ రాదు. అది జబ్బు కాదు. ఇంగ్లండులో డగ్లస్ గైర్డ్‌నర్ అనే డాక్టరు 1949లోనే దీని గురించి రాసి, మూడేళ్ళు నిండేసరికి పదిమందిలో తొమ్మిదిమందికి దానంతట అదే వదులవుతుందని చూపించాడు. తర్వాత వచ్చిన పరిశీలనల్లో కొందరికి ఇంకా ఆలస్యమైనా, పదిహేడేళ్ళ నాటికి నూటికి ఒకరిద్దరికి మించి మిగలదని తేలింది. కాబట్టి స్నానం చేయించేటప్పుడు బలవంతంగా వెనక్కి లాగకండి. లాగితే చిట్లుతుంది, చిట్లిన చోట మచ్చ కట్టి అప్పుడు నిజంగానే బిగుసుకుంటుంది. మంచి ఉద్దేశంతో అమ్మమ్మలు, నాన్నమ్మలు చేసే పనే ఇది, ఓపికగా చెప్పి ఆపండి.

బాబు మూత్రం పోసేటప్పుడు ముందరి చర్మం కాస్త ఉబ్బినంత మాత్రాన ఆపరేషన్ అక్కరలేదు. బీటామెథజోన్ పూత మందు నాలుగు నుంచి ఆరు వారాలు డాక్టరు చెప్పినట్టు రాస్తే చాలామందికి వదులవుతుంది. అంచు తెల్లగా, గట్టిగా మారిపోతే మాత్రం సంగతి వేరు. అది మచ్చ కట్టే చర్మవ్యాధి, దానికి ఆపరేషనే మందు. తీసిన ముక్కని పరీక్షకి పంపమని అడగండి. పెద్దవాళ్ళకి మానని పుండు, గడ్డ ఉన్నప్పుడు కూడా ఆ ముక్కని పారేయనివ్వకూడదు, క్యాన్సర్ ఉందో లేదో దానిలోనే తెలుస్తుంది.

ఇప్పుడు కూడనివాళ్ళు. కొంతమంది బాబులకి మూత్రద్వారం కొన మీద కాకుండా కింది వైపు ఉంటుంది, ముందరి చర్మం పైన మాత్రమే టోపీలా ఉండి కింద ఉండదు. దీన్ని హైపోస్పేడియాస్ అంటారు. పుట్టుకతోనే సగం ఒడుగులు అయిపోయిన బిడ్డ అని ఇంట్లో సంబరపడి, మిగిలింది తీయించేయాలనుకోవడం పెద్ద పొరపాటు అవుతుంది. ఆ ద్వారాన్ని సరిచేసి కొత్త దారి కట్టడానికి పిల్లల సర్జన్‌కి కావలసిన చర్మం అదే. తీసేశాక మళ్ళీ రాదు. అంగం వంకరగా ఉన్నా, కొవ్వులో కూరుకుపోయి పైకి కనపడకపోయినా కూడా ముందు పిల్లల సర్జన్‌కి చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళకి, కామెర్లు తగ్గనివాళ్ళకి, జ్వరమో చర్మం మీద చీముపొక్కులో ఉన్నవాళ్ళకి ఆపాలి.

మేనమామలకో, అన్నకో పన్ను పీకించుకున్నప్పుడు నెత్తురు రోజుల తరబడి ఆగలేదా? బాబు పాకేటప్పుడు మోకాళ్ళు ఊరికే కమిలి నల్లగా ఉబ్బాయా? హీమోఫీలియా ఉండొచ్చు. తల్లి వైపు నుంచి మగపిల్లలకి వచ్చే జబ్బు అది. డాక్టరు అడగకపోయినా మీరు చెప్పండి. దేశదేశాల్లో సున్తీతోనే మొదటిసారి బయటపడ్డ హీమోఫీలియా కేసులు ఎన్నో ఉన్నాయి.

ఏ పద్ధతి అడగాలి

ఇంట్లో, వరండాలో, మంగలికత్తితో చేయించే రోజులు పోవాలి. పెద్దలు అలాగే చేయించుకున్నారు కదా అనే మాట వినిపిస్తుంది. చేయించుకుని నెత్తురు పోయి, చీము పట్టి చనిపోయిన పిల్లలు ఆ మాట చెప్పడానికి మిగల్లేదు.

చేయి తిరిగిన సర్జన్ కత్తి, కుట్లతో చేసేది ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. ప్రతి అడుగూ కంటికి కనిపిస్తుంది, నెత్తురు కారే నరాన్ని పట్టి కట్టొచ్చు. కుట్లు వాటంతట అవే కరిగి రెండు మూడు వారాల్లో రాలిపోతాయి. కిడ్నీ జబ్బు, సుగరు ఉన్నవాళ్ళకి నేనైతే దీన్నే అడగమంటాను.

ప్లాస్టిబెల్ అనేది పసివాళ్ళకి, చిన్నపిల్లలకి పెట్టే ప్లాస్టిక్ ఉంగరం. చర్మం కింద ఉంగరం పెట్టి పైన దారం బిగిస్తారు, చర్మం ఎండి ఉంగరంతో సహా వారం పది రోజుల్లో ఊడుతుంది. సరైన సైజు లేకపోతే అందుబాటులో ఉన్నది పెట్టడం, పది రోజులైనా ఊడకపోతే చూద్దాంలే అని ఊరుకోవడం, ఇవి రెండూ కూడదు. ఉంగరం కిందికి జారితే అంగాన్నే నొక్కేస్తుంది. గోమ్కో అనే లోహపు పట్టీ 1930ల నుంచి ఉంది. దాని భాగాలు ఒక సెట్‌వి ఇంకో సెట్‌తో కలిపితే సరిగా బిగుసుకోక గాయాలవుతాయి. చర్మాన్ని పట్టకారుతో ముందుకి లాగి, కొన కంటికి కనపడకుండానే కోసే పద్ధతిని చిన్నపిల్లలకి ఒప్పుకోకండి. కొన తెగిపోయిన సందర్భాలు ఉన్నాయి, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పదిహేనేళ్ళలోపు వాళ్ళకి ఆ పద్ధతి వద్దంది.

చైనాలో తయారైన షాంగ్‌రింగ్ అనే ఉంగరం, పిన్నులు కొట్టే స్టేప్లర్ కొత్తగా వచ్చినవి. స్టేప్లర్ ఒక్క నొక్కుతో చర్మాన్ని కోసి చుట్టూ సన్నని పిన్నులు వేస్తుంది. వేగంగా అవుతుంది, నెత్తురు తక్కువ. అయితే సైజు తప్పితే లోపల నెత్తురు గూడు కడుతుంది, కొన్ని పిన్నులు రాలకుండా చర్మంలో దిగిపోతాయి, వాటిని డాక్టరే తీయాలి. అది ఒక్క మనిషికి ఒక్కసారి వాడి పారేయవలసిన పరికరం. మూసిన ప్యాకెట్టుని మీ ముందు విప్పమని అడగండి.

బోర్డు మీద లేజర్ అని రాసినంత మాత్రాన లోపల లేజర్ ఉందని నమ్మకండి. ఆ మాట కింద స్టేప్లర్ వాడొచ్చు, కరెంటుతో కాల్చే కాటరీ కూడా వాడొచ్చు. ఏది వాడుతున్నారో పేరు అడిగి చీటీలో రాయించుకోండి. కాటరీ విషయంలో ఇది చాలా ముఖ్యం. మోనోపోలార్ కాటరీలో కరెంటు ఒంటి గుండా ప్రయాణించి తొడకి అంటించిన ప్లేటు ద్వారా బయటికి పోతుంది. పంట కాలువ సన్నబడ్డ చోట నీరు ఉరికినట్టు, అంగం మొదట్లో ఆ కరెంటు అంతా ఒకచోట చేరి లోపలి రక్తనాళాల్ని కాల్చేస్తుంది. లోహపు పట్టీ బిగించి ఉండగా వాడితే ఇంకా ఘోరం. 1966లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఎనిమిది నెలల బాబుకి సున్తీలో కాటరీ వాడి అంగమే మొత్తం పోయింది. రెండు కొనల మధ్యే కరెంటు ఆడే బైపోలార్ అయితే వాడొచ్చు. సర్జన్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.

పెద్దవాళ్ళకి అక్కడి మటుకు తిమ్మిరెక్కించే ఇంజెక్షన్ చాలు. పిల్లలకి పూర్తి మత్తు ఇస్తే మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉండాలి. అన్నం, టిఫిను ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపాలి, ఉత్త మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. ఏడుస్తున్నాడని మధ్యలో బిస్కట్టు పెట్టి డాక్టరు దగ్గర దాచకండి, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆసుపత్రికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పత్రం, డాక్టరుకి మెడికల్ కౌన్సిల్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఒకే రోజు చాలామంది పిల్లలకి చేసే ఉచిత శిబిరాల్లో పరికరాల సంగతి గట్టిగా అడగండి: ప్రతి బిడ్డకీ కొత్త బ్లేడు, కొత్త గ్లవుజులు, ఆటోక్లేవ్ చేసిన సెట్టు ఉండాలి. మరిగే నీళ్ళలో ముంచి తీస్తే హెపటైటిస్ బి లాంటివి పోతాయన్న నమ్మకం లేదు. ధనుర్వాతం టీకా వరసగా పడిందో లేదో ముందే చూపించుకోండి.

ఇంకో మాట. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక ఉంటే తొందరలేని ఆపరేషన్ వాయిదా వేయండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రి నెత్తురు కారే గాయంతో అక్కుపల్లి నుంచో బారువ నుంచో టెక్కలి చేరడం ఎవరి తరం?

హెచ్‌ఐవీ గురించి కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన పరిశోధనల్లో సున్తీ అయిన మగవాళ్ళకి ఆడవాళ్ళ నుంచి హెచ్‌ఐవీ సోకడం దాదాపు అరవై శాతం తగ్గింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు బాగా ఎక్కువున్న ఆఫ్రికా దేశాలకి దీన్ని సిఫారసు చేసింది. అది కండోమ్‌కి బదులు కాదు. ఆ ఒక్క ఆశతో ఇక్కడ ఎవరూ బల్ల ఎక్కనక్కరలేదు.

నొప్పి మాత్ర

ఇక్కడే ఆగి చదవండి. ఆపరేషన్ అయిన రాత్రి తిమ్మిరి వదిలాక నొప్పి వస్తుంది. ఇంటివాళ్ళు మందుల షాపుకి పరుగెడతారు, లేదా ఊళ్ళో ఆర్‌ఎంపీని పిలిచి ఇంజెక్షన్ వేయిస్తారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, ఇవన్నీ కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. బాగున్న కిడ్నీ తట్టుకుంటుంది, ఇప్పటికే సగం పోయిన కిడ్నీ తట్టుకోలేదు. ఎండలో పనిచేసి, నీళ్ళు సరిగా తాగక, ఉపవాసంతో ఉన్న ఒంటికి అవి ఇంకా చేటు. కిడ్నీ ఎలా ఉందో తెలియకపోతే చెడిందనుకునే నడుచుకోండి.

పారాసిటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర అడగండి. అట్ట తిప్పి చదవండి: పారాసిటమాల్ పేరు పక్కన ఎసిక్లోఫెనాక్ అనో ఐబుప్రొఫెన్ అనో ఉంటే తిరిగి ఇచ్చేయండి. షాపులో ఎక్కువగా చేతికిచ్చేది ఈ జంట మాత్రే. పెద్దవాళ్ళు ఆరు గంటలకొకసారి, డాక్టరు చెప్పిన మోతాదు దాటకుండా వేసుకోవాలి. పిల్లలకి వయసుని బట్టి కాదు, బరువుని బట్టి ఇవ్వాలి. నిమెసులైడ్‌ని పన్నెండేళ్ళలోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు. చీము పట్టకుండా అంటూ జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు వేస్తామంటే క్రియాటినిన్ చీటీ చూపించి ఆపండి, అవీ కిడ్నీని దెబ్బతీసేవే.

ఇంటికి వచ్చాక

మొదటి రెండు రోజులు కట్టు తడవనివ్వకండి, తర్వాత డాక్టరు చెప్పినట్టు విప్పి గోరువెచ్చని నీటితో కడగండి. కొన మీద పసుపుపచ్చని పొర కడుతుంది. అది చీము కాదు, మానుతున్న గుర్తు, గీకకండి. వాపు వారం పది రోజులు ఉండొచ్చు. పసుపు, బూడిద, కొబ్బరినూనె, నాటు ఆకుల పసరు ఏదీ పెట్టకండి. రాత్రిపూట అంగం గట్టిపడి కుట్లు లాగడం కుర్రాళ్ళకి మామూలే. పడుకునే ముందు మూత్రం పోసి, మెలకువ వచ్చినప్పుడు లేచి నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది.

పలాసలో జీడిపిక్కలు కొట్టే, వేయించే పనిలో ఉన్నవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. పిక్క తొక్కలోని నూనె మంచి చర్మాన్నే పొక్కిస్తుంది. ఆ చేతులతో గాయాన్ని ముట్టుకుంటే కాలిపోయినట్టవుతుంది. గాయం మానేదాకా ఆ పనికి వెళ్ళకపోవడం మేలు. ఇంట్లో తల్లి ఆ పని చేస్తుంటే, బాబు కట్టు ఇంకొకరు మార్చాలి, లేదా చేతులకి వంటనూనె రాసుకుని సబ్బుతో మళ్ళీ మళ్ళీ చేతులు కడుక్కున్నాకే మార్చాలి. కొబ్బరి చెట్లు ఎక్కేవాళ్ళు ఆరు వారాలు ఎక్కకూడదు. మానుని తొడలతో కరిచిపట్టే పనికి కుట్లు నిలవవు. భావనపాడు, బారువ వైపు వేటకి వెళ్ళేవాళ్ళు గాయం పూర్తిగా పొడిబారేదాకా ఉప్పునీటికి దూరంగా ఉండాలి. వారం రోజులు బైకు, సైకిలు వద్దు. భార్యాభర్తల కలయిక ఆరు వారాల వరకు వద్దు. పైకి మానినట్టు కనపడ్డా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆర్మీ పరీక్షకి వెళ్ళే కుర్రాళ్ళు ఈ లెక్క చూసుకుని ముందే తేదీ పెట్టుకోండి. పచ్చి గాయంతో పరీక్షకి వెళ్తే మళ్ళీ ఆపేస్తారు, ఈలోగా పరుగు సాధన చేస్తే కుట్లు తెగుతాయి.

ఎప్పుడు ఆగకూడదు

కట్టు మీద మరకలు మామూలే. గుడ్డ పెట్టి పది నిమిషాలు ఆపకుండా నొక్కినా నెత్తురు కారుతుంటే, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోతే, కొన నీలంగానో నల్లగానో మారితే, జ్వరం వచ్చి ఎరుపు పొట్ట వైపు పాకితే, దుర్వాసనతో చీము వస్తే 108కి ఫోన్ చేయండి. పసివాళ్ళ ఒంట్లో ఉన్న నెత్తురే కొంచెం, రెండు మూడు గుడ్డలు తడిస్తే అది చాలా ఎక్కువ. కట్టు మరీ బిగుతుగా ఉండి మూత్రం ఆగిందనిపిస్తే దారిలోనే వదులు చేయండి.

టెక్కలి జిల్లా ఆసుపత్రి, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి రాత్రిపూట కూడా తెరిచే ఉంటాయి. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రిలో ఇప్పటికే చూపించుకుంటున్నవాళ్ళైతే అక్కడి చీటీలూ తీసుకెళ్ళండి. ఏ పద్ధతిలో చేశారో, ఏ పరికరం వాడారో, ఎన్ని గంటలకి చివరి మాత్ర ఏది వేశారో ఒక కాగితం మీద రాసి, వెళ్ళగానే డ్యూటీ డాక్టరు చేతికివ్వండి.